ఇరుకింటి సరకు: సోలాపురపు మగ్గపుటిండ్ల చరిత్రలో ఒక ప్రకరణము

1. ప్రశ్న పుట్టిన విధము

సోలాపుర నగరపు తూర్పు భాగమున సాఖర్ పేట, భవానీ పేట, దత్తనగరము, అశోక చౌకు మొదలగు చోట్ల తెలుగు నేతవారు తరతరములుగా నివసించుచున్నారు. వీరి పెద్దలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము సీమలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వారి వలసను గూర్చియు, మార్కండేయ దేవాలయమును గూర్చియు, శ్రావణ పూర్ణిమనాటి రథోత్సవమును గూర్చియు మన సభలలో పెద్దలు చెప్పగా వినుచునేయున్నాము. ఈ వ్యాసమున నేను విచారింపబూనినది వానికంటె మిక్కిలి చిన్న ప్రశ్న. మన పెద్దలు ఒక గదియింటిలో మగ్గమును, నూలును, నేసిన బట్టను, పిల్లలను, వంటపాత్రలను ఎట్లు ఇమిడ్చిరి? ఇమడని దానిని ఏమి చేసిరి?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయమున పుట్టినది కాదు. గత వేసవి సెలవులలో మా అన్న కుమారుడు కంప్యూటరు ముందు కూర్చుండి ఒక యాట ఆడుచు, “కాకా, సంచి నిండింది. ఇప్పుడు ఏది పడెయ్యాలె?” అని నన్నడిగెను. తెరపై గళ్ళుగళ్ళుగా గీచిన సంచి యొకటి కానవచ్చెను. అందు కత్తులు, డాళ్ళు, ఉంగరములు, మందుబుడ్లు క్రిక్కిరిసియున్నవి. చచ్చిన రాక్షసుని ప్రక్కన మంచి కవచమొకటి నేలపై పడియున్నది. దానిని ఎత్తుకొనుటకు సంచిలో చోటు లేదు. నేను వానికి బదులు చెప్పలేకపోతిని. కాని ఆ మాట ఎక్కడనో వినియుంటినని తోచినది. మా అవ్వ నూలుమూట చంకనబెట్టుకొని, ఇల్లంతయు కలయజూచి, “ఇది యాడ పెట్టాలె? ఏది తియ్యాలె?” అని తనలో తాననుకొనుట జ్ఞాపకమునకు వచ్చెను.

పిల్లవాని యాటకును, అవ్వ బ్రతుకునకును పోలిక తెచ్చుట కొందరికి చిన్నతనముగా దోచవచ్చును. అయినను కష్టము ఒకటియే. సరకు వచ్చుచుండును, చోటు పెరుగదు. ఈ రెండింటి నడుమ మనిషి చేయు నిర్ణయములకు కూడ చరిత్ర కలదు.

2. మగ్గపుటింటి కొలత

గుంట మగ్గమున్న యింటిలో మొదటి హక్కు మగ్గమునదే. నేతగాడు గుంట యంచున కూర్చుండి, కాళ్ళు గుంటలోనికి దించి, తొక్కుడు కఱ్ఱలను తొక్కుచు నేయును. గుంటను ఒక చోటినుండి మరియొక చోటికి జరుపరాదు. కావున ఇంటిలోని తక్కిన వస్తువులన్నియు దానికి దారి యిచ్చి, మిగిలిన మూలలలో సర్దుకొనవలసినదే. మగ్గముతో దాని పరివారము కూడ కలదు. రాట్నము, ఆసు, కండెల బుట్ట, అచ్చులు, పన్నెలు, నాడెలు, గంజికుండ, ఇవి లేక పని జరుగదు. వీనిలో కొన్ని దినమంతయు కావలెను. కొన్ని పడుగు మార్చిన నాడు మాత్రమే కావలెను. దినమంతయు కావలసినవి చేతికందు మేర నుండెడివి. అప్పుడప్పుడు కావలసినవి దూలమునుండి వ్రేలాడెడివి, లేదా అటక నెక్కెడివి. ఎప్పుడో గాని అవసరపడని పెండ్లిచీర, వెండి, కాగితములు మంచము క్రింది ఇనుప ట్రంకులో నుండెడివి.

ఇంటిలో పట్టని పనికి వీధియే గది యయ్యెడిది. పడుగును నిడుపుగా చాచి గంజి పెట్టి ఆరబెట్టుటకు ఏ గదియు చాలదు. చేనేత ఊళ్ళన్నిటను తెల్లవారుజామున వీధిలో పడుగు సాగదీయుట అలవాటు. ఎండ ముదురకముందే ఆ పని తీరవలెను. బండ్లు తిరుగకముందే వీధిని విడువవలెను. అనగా వీధి యను గదిని కొన్ని గడియలకు మాత్రమే అద్దెలేక వాడుకొనుట. వాన కురిసిన దినమున ఆ గది మూతపడెడిది.

తరువాత మరమగ్గములు వచ్చినవి. చీరల స్థానమున దుప్పట్లును, తువాళ్ళును ప్రధానమయ్యెను. సోలాపురపు చద్దరునకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. కాని చోటు దృష్టితో చూచిన ఈ మార్పు కష్టమునే హెచ్చించినది. మరాఠీ స్త్రీలు కట్టు తొమ్మిది గజముల చీర మడిచిన ఒక పుస్తకమంత యగును. జకార్డు పూలు నేసిన చద్దరు ఎంత మడిచినను దిండంత యుండును. పది చీరలు పట్టిన మూలలో పది చద్దర్లు పట్టవు. ఇనుప మగ్గమును దినమునకొక మారు విప్పి మూలబెట్టుటకును వీలులేదు.

స్త్రీలు ఇండ్లలో చుట్టు బీడీ సంగతియు ఇట్టిదే. తునికాకు తడిపి గోనెలో చుట్టి మెత్తగా నుంచవలెను. పొగాకు పొడిగా నుండవలెను. పిల్లల చేతికి రెండును అందరాదు. ఒక్క చేటయంత పనికి మూడు వేర్వేరు చోట్లు కావలెను. వంటయు ఆ గదిలోనే.

డగ్లస్ హేన్స్ అను చరిత్రకారుడు 2012లో ప్రకటించిన తన గ్రంథమున పశ్చిమ భారతమునందలి చిన్న పట్టణముల నేత కార్ఖానాలను విపులముగా పరిశీలించెను. అందు సోలాపురమునకును స్థానము కలదు. అంతకుముందు 1965లో గాడ్గిల్ పండితుని సోలాపుర నగర సామాజికార్థిక పరిశీలనము వెలువడినది. ఇట్టి గ్రంథముల వలన కూలి, ఉత్పత్తి, వ్యాపారము, కార్ఖానాదారునకును పనివానికిని గల సంబంధము తెలియును. మంచము క్రింద ఏమున్నదో తెలియవలెనన్న మాత్రము మన యవ్వలనే అడుగవలెను.

3. ఆటలోని సంచి

ఇక పిల్లలు ఆడు నాటలను చూతము. కోటలలోను, సొరంగములలోను తిరిగి, శత్రువులను చంపి, వారు విడిచిన సొత్తును పోగుచేసికొను నాటలు ఇవి. ఈ జాతికి పేరు తెచ్చిన ‘డయాబ్లో’ 1997 ప్రారంభమునాటికి ప్రజల చేతికి వచ్చెను. అందు సంచికి పది నిలువు వరుసలు, నాలుగు అడ్డ వరుసలు, మొత్తము నలువది గళ్ళు. ఉంగరమునకు ఒక గడి చాలును. కవచమునకు ఆరు గళ్ళు కావలెను. బంగారు నాణెములు సైతము చోటు తినెడివి. ఒక గడిలో అయిదు వేలకు మించి పట్టవు. దాచుకొనుటకు పెట్టె లేదు. కావున ఆడువారు ఊరికి తిరిగివచ్చి, విలువైన వస్తువులను ఊరి నడుమ నేలపై పరచి పోయెడివారు. మన వీధిలో పడుగు సాగదీసినట్లే!

2000 సంవత్సరమున వచ్చిన రెండవ ‘డయాబ్లో’ యందు ఊరిలో ఒక పెట్టె ఏర్పడినది. మొదట దానికి ఇరువది నాలుగు గళ్ళు. మరుసటి సంవత్సరపు అనుబంధముతో నలువది యెనిమిది. బంగారము ఇక చోటు తినలేదు. నాలుగు గళ్ళలో ఇమిడి, తన కడుపులో పండ్రెండు గళ్ళ సరకు దాచు మాయపెట్టె యొకటి చేరెను. దీనిని చూచినప్పుడు నాకు ట్రంకులో బిందె, బిందెలో చెంబు, చెంబులో వెండి మట్టెలు దాచిన మా యింటి పద్ధతి జ్ఞప్తికి వచ్చెను.

ఆ యనుబంధముననే వచ్చిన తాయెత్తుల సంగతి మరింత విచిత్రము. తాయెత్తు సంచిలో నున్నంతవరకే బలమిచ్చును; ఊరి పెట్టెలో దాచిన పనిచేయదు. బలము కావలెనన్న సంచిలో చోటు వదలుకొనవలెను. చోటు కావలెనన్న బలము వదలుకొనవలెను. మగ్గమును ఇట్టిదే కదా! ఇంటిలో సగము తినును. తీసివేసిన ఇల్లు విశాలమగును, పొయ్యి చల్లారును.

2009లో వచ్చిన ‘టార్చ్‌లైట్’ అను నాటలో ఆడువానితో ఒక పెంపుడు జంతువు వచ్చును. అక్కరలేని సరకును దాని వీపునకెత్తిన, ఒంటరిగా ఊరికి పోయి అమ్మి డబ్బు తెచ్చును. 2013లో వచ్చిన ‘పాత్ ఆఫ్ ఎగ్జైల్’ నందు సంచికి అరువది గళ్ళు. అందు ఆడువారు జల్లెడ వంటి నియమములను వ్రాసికొని, తక్కువ విలువ గల వస్తువులు కంటికే కనబడకుండ చేసికొందురు. ఎత్తుకొన్న పిదప పారవేయుటకంటె, మొదటనే చూడకుండుట మేలని వారి యనుభవము.

మా వాడు ఈ చరిత్రనంతయు నాకు ఉత్సాహముతో చెప్పెను. సంచిని పెద్దది చేసిన సరిపోవును కదా యని నేనడిగితిని. “అట్ల చేస్తే ఆట చచ్చిపోతది కాకా” అనెను. చోటు తక్కువైననే ఎంపిక యుండును. ఎంపిక యున్ననే ఆట యుండును. ఆటకు ఇది న్యాయమే. బ్రతుకునకు మాత్రము ఈ సూత్రము చెల్లదని ముందు చూపెదను.

4. చోటు లేనివానికి బేరము లేదు

ఆటలోని వర్తకుడు సంచి నిండినవానిని చూచి ధర తగ్గింపడు. కత్తి ధర సంచి ఖాళీగా నున్నను అంతే, నిండినను అంతే. సోలాపురపు బజారు అట్టిది కాదు. ఇంటిలో చోటు లేని నేతగాడు నేసిన బట్టను నిలువ యుంచలేడు. పండుగకు ధర పెరుగునని ఎరిగియు, ఆషాఢమునందే అమ్మవలెను. కొనువానికి గోడౌను కలదు. అమ్మువానికి మంచము క్రింద జానెడు జాగాయే కలదు. వర్షాకాలమున చెమ్మ, ఎలుకలు, పిల్లల చేతులు, వీనికి తోడు రేపటి నూలునకు డబ్బు కావలెను. ఇట్లు చోటు లేమి ధర లేమి యగుచున్నది. నేతగాని పేదరికమునకు తక్కువ కూలి, వడ్డీ మొదలగు కారణములు అందరెరిగినవే. ఇరుకిల్లును ఆ కారణములలో నొకటిగా ఎన్నవలెనని నా మనవి.

కార్ఖానాదారుడు నూలిచ్చి బట్ట తీసికొను పద్ధతి ఈ కష్టమునకు ఒక విరుగుడువలె తోచును. సరకు నిలువ చేయు భారము నేతగానికి లేదు. బీడీ పనియు అంతే. ఆకు, పొగాకు కంపెనీ యిచ్చును, చుట్టిన బీడీలు తీసికొనును. ‘టార్చ్‌లైట్’ ఆటలోని పెంపుడు జంతువువలె ఎవరో సరకు మోసికొనిపోవుదురు. భేదమొక్కటియే: ఆ జంతువు అమ్మిన సొమ్మంతయు తెచ్చి యజమాని చేతిలో పెట్టును! ఇక్కడ మోసికొనిపోయినవాడే యజమాని. చోటును వదలుకొన్నవాడు బట్టపై హక్కును కూడ వదలుకొనెను.

నేత సహకార సంఘముల ప్రయోజనమును ఈ దృష్టితోనే చూడవలెను. పదిమందికి కలిపి ఒక గోడౌను ఉన్నయెడల, పదిమందియు ధరకొరకు కొంతకాలము వేచియుండగలరు. ఊరి నడుమ ఒక పెట్టె దొరికిన ఆటగాని స్థితి అది. సంఘము అప్పునకే గాని చోటునకు కూడ అవసరమను మాట మనవారు తరచుగా మరచిరి.

నూలు విషయమున వేరొక నీతి కలదు. 1860లో రైలు సోలాపురమును చేరినది. 1870–80ల నడుమ పెద్ద నూలు మిల్లు, మనవారు ‘జూనీ మిల్లు’ అని పిలిచినది, ఇచ్చట వెలసినది. నూలు కావలసినప్పుడు బజారున దొరకుచున్న కాలమున ఇంటిలో మూటలు పేర్చుకొన నక్కరలేదు, బజారే గోడౌను. కాని రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1943లో, ప్రభుత్వము బట్టకును నూలునకును కంట్రోలు విధించెను. రేపు దొరకునో లేదో తెలియని వస్తువు ఒక్కసారిగా చోటునకు అర్హమగును. వస్తువు అదే, గది అదే; మారినది మరల దొరకునను నమ్మకమే.

5. పెద్దల లెక్క

సంచిలో ఏది పెట్టవలెను, ఏది విడువవలెను అను ప్రశ్నను గణితవేత్తలును విడువలేదు. 1957లో జార్జి డాంట్జిగ్ అను అమెరికను గణితజ్ఞుడు దీనిని వీపుసంచి సమస్యగా చర్చించెను. వస్తువు విలువను దాని బరువుతో భాగింపవలెను. ఆ భాగఫలము ఎక్కువైనదానిని ముందు ఎత్తుకొనవలెను. వస్తువును ముక్కలు చేయ వీలున్నచో ఈ పద్ధతి తప్పక ఉత్తమ ఫలమునిచ్చును. ముక్కలు చేయ వీలులేనిచో ఇదియు తప్పవచ్చును. కత్తిని సగము ఎత్తుకొనలేము కదా. 1972లో రిచర్డ్ కార్ప్ మిక్కిలి కఠినమైన సమస్యల పట్టికలో దీనిని కూడ చేర్చెను. మా అవ్వకు మూలలో నిలబడి తోచక పోయినదన్న ఆమె తప్పేమియు లేదు.

మన ప్రాచీనులు వేరొక మార్గము చూపిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని ధర్మములు చెప్పబడినవి. నిలువలో సగము ప్రజల ఆపద కొరకు వేరుగ నుంచవలెను, సగము వాడుకొనవలెను, ప్రాతదానిని తీసి క్రొత్తదానితో మార్చుచుండవలెను. డాంట్జిగ్ నియమము నేటి విలువను చూచును. కౌటిల్యుని నియమము రేపటి ఆపదను చూచును. రెండును కలిసిననే గృహిణి లెక్క పూర్తియగును.

నా పరిశీలనలో మన యిండ్లలో నడచిన లెక్కకు మూడు ప్రశ్నలు. ఇది దినము పనికి వచ్చునా? ఇది తినుచున్న చోటునకు తగిన ఫలమిచ్చుచున్నదా? ఇది పోయిన మరల దొరకునా? మొదటి రెండు ప్రశ్నలను మనవారు నిష్ఠగా అడిగిరి. మూడవ దానిని నూలు విషయమున అడిగిరి, బంగారము విషయమున అడిగిరి. ఒక్క విషయమున మాత్రము అడుగలేదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసమింత దూరము వచ్చినది.

6. పారవేసినవి

మా తాత ట్రంకులో ఒక లెక్కల పుస్తకముండెడిది. పొడవైనది, ఎఱ్ఱ గుడ్డ అట్ట. అందు ఆయన తెలుగున నూలు ఎంత తెచ్చినది, ఎన్ని చీరలు నేసినది, ఎవరికి ఎంత బాకీ యున్నది వ్రాసియుంచెను. ప్రక్కపుటలలో పిల్లల పుట్టిన తేదీలు, ఊరినుండి వచ్చిన ఉత్తరముల సంగతులు, ఒక చోట పెండ్లి ఖర్చు. నేను ఏడవ తరగతి చదువుచుండగా మా యింటికి టెలివిజను వచ్చెను. దానిని పెట్టుటకు ట్రంకు తొలగింపవలసి వచ్చెను. ట్రంకు అమ్ముడుపోయినది, అందలి కాగితములు తూకమునకు పోయినవి. వచ్చిన డబ్బులతో మాకు మిఠాయి కొనిపెట్టిరి. ఆ మిఠాయి నేనును తింటిని. ఆనాడు మా యింటిలో నెవ్వరును తప్పు చేయలేదు. దినము పనికి రాదు, చోటు తినుచున్నది, ధర లేదు. రెండు ప్రశ్నలకు జవాబు సరిగానే యున్నది. మూడవ ప్రశ్న ఎవరికిని తోచలేదు.

నేడు నేను పిల్లలకు తెలుగు చెప్పుచు, మన వీధి చరిత్రను వ్రాసికొని రండని చెప్పిన, వారు ఖాళీ పుస్తకములతో వత్తురు. ఇంటిలో చూపుటకు కాగితము లేదు. మరాఠీ పత్రములు కలవు, రేషను కార్డు కలదు, కరెంటు బిల్లులు కలవు. తాత చేతివ్రాత లేదు. తెలుగు చదువువారు తగ్గిన యింటిలో తెలుగు కాగితము మొదట బరువగును, పిదప చెత్తయగును. ఏ భాషలో వ్రాసినదో తెలిసినవాడు లేక తూకమునకు పోయిన కాగితములెన్నియో!

ఇల్లు మారునప్పుడే ఈ నష్టము హెచ్చుగా జరుగును. కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీల కొరకు గోదావరి పరుళేకర్ పేర సహకార సంఘము నిర్మించిన పదివేల ఇండ్లు 2006లో అందినవి. అదే ప్రాంతమున రే నగరమునందు ముప్పది వేల ఇండ్ల పథకములో పదునైదు వేలు 2024 జనవరిలో అందినవి. సొంత యిల్లు లేని శ్రమజీవులకు ఇది గొప్ప మేలు, సందేహము లేదు. అయినను క్రొత్త యింటికి బండి కట్టిన దినమున ప్రతి కుటుంబమును సంచి నిండిన ఆటగాని స్థితిలో నిలుచును. టెలివిజను ఎక్కును, మంచము ఎక్కును, గ్యాసు పొయ్యి ఎక్కును. చివర మిగిలిన డబ్బాను చూచి, “ఇది ఇంకెందుకు?” అందురు.

7. చేయదగినది

ఆటలో అమ్మిన కత్తి పోయినను, వేరొక రాక్షసుని చంపిన అట్టిదే దొరకవచ్చును. తాత చేతివ్రాత ఏ రాక్షసుని చంపినను దొరకదు. ఆటకును బ్రతుకునకును గల భేదమిదియే. కావున ధరను బట్టి కాక, మరల దొరకనితనమును బట్టి కొంత చోటు కేటాయింపవలెనని నా ప్రార్థన.

ఇందుకు పెద్ద భవనము అక్కరలేదు. ప్రతి యింట ఒక బిస్కట్టు డబ్బా చాలును. అందు మూడు వస్తువులు మాత్రము: పెద్దల చేతివ్రాత ఒకటి, పాత పెండ్లిపత్రిక ఒకటి, మగ్గపు పనిముట్టు ఒకటి, నాడె కాని, కండె కాని. అంతకంటె ఎక్కువ వద్దు. ఎక్కువైన మరల తూకమునకే పోవును. డబ్బాలో పట్టని కాగితములను పారవేయుటకు ముందు సెల్‌ఫోనుతో పుటపుటకు ఛాయాచిత్రము తీయవలెను. ఆ పని మన పిల్లలకు తెలియును. ఫోను సంచియు నిండునది గనుక, ఆ చిత్రములను సంఘమునకు పంపవలెను. సంఘము ఒక బీరువాను ఇందుకై ప్రత్యేకించిన, అది మనకు ఊరి నడుమ పెట్టె యగును. నూలు గోడౌను పదిమందికి ధర నిచ్చినట్లు, ఈ బీరువా పదిమందికి చరిత్ర నిచ్చును.

ఈ వ్యాసము వ్రాయుచుండగా మా అన్న కుమారుడు వచ్చి, నేనేమి వ్రాయుచున్నానని యడిగెను. నీ సంచిని గూర్చియే యంటిని. వాడు నవ్వి, లోపలికి పోయి, అటకపైనుండి ఒక నాడెను తెచ్చి నా బల్లపై పెట్టెను. మా యింట మిగిలిన నాడె అదొక్కటియే. దాని కొన అరిగి నునుపెక్కినది. ఆ నునుపు మా తాత చేతిదో, మా అవ్వ చేతిదో చెప్పుటకు ఇప్పుడు మా యింట ఎవ్వరును లేరు.